మజ్జిగ బాబు దారి

కాలేజీలో సివిల్ ఇంజనీరింగు కుర్రాళ్లకు రోడ్ల పాఠం మొదలుపెట్టే రోజున నేను పుస్తకం తెరవను. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ట్రాఫిక్ అంటే ఏమిటర్రా?" అని అడుగుతాను. ఏటా ఒకటే జవాబు. బస్సులు, లారీలు, కార్లు అంటారు. కాస్త జాలిగుండె ఉన్నవాడైతే ఎడ్లబండిని కూడా కలుపుతాడు. ఈ ఏడు మాత్రం పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు వెనక బెంచీలోంచి లేచి, "ఎవలు నడిస్తే ఆలేనండి ట్రాఫిక్కు" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఎవరు అనడానికి ఆ "ఎవలు" అన్న మాట నా చెవిన పడి చాలా ఏళ్లయింది. ఆ మాటను పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అనే మనిషిని ఒకాయన్ని నేనెరుగుదును. పేరు చెప్పను. ఆయన పనిచేసిన డిపార్టుమెంటు వాళ్లకే ఆ పేరు గుర్తుండదు, ఇక మీకెందుకు? కొండల్లో మాత్రం ఆయనకు వేరే పేరుండేది. అది చెబుతాను.

పంతొమ్మిదివందల ఇరవైల మాట. మద్రాసులో చదువు ముగించుకుని, కొత్త బూట్లు, కొత్త టోపీ వేసుకుని, శృంగవరపుకోట నుంచి కొండెక్కి అరకు లోయ అంచున పడ్డాను. అక్కడ ఘాటు రోడ్డు వేస్తున్నారు. అందులో ఒక ముక్క ఒక ఓవర్సీరు గారి కింద ఉంది, ఆయన కింద పని నేర్చుకునే కొత్తవాణ్ణి నేను. మా ముక్కకు మధ్యలో ఒక గెడ్డ. కొండవాగును ఆ వైపు గెడ్డ అంటారు. డేరా ముందు నాకు ఎదురొచ్చిన ఓవర్సీరు గారు పొట్టిగా, నల్లగా ఉన్నాడు. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, నెత్తిన సోలా టోపీ, చేతిలో కంచుగ్లాసు. నా బూట్ల కేసి కాసేపు చూశాడు.

"ఏ వూరు?"

"గుంటూరండి."

"అయితే గుంటూరు గుంటడివి" అన్నాడు, లెక్క తేలిపోయినట్టు.

ఆ దేశంలో మగపిల్లవాణ్ణి గుంటడు అంటారని నాకు తెలియదు. రాగానే తిట్టాడనుకుని మధ్యాహ్నమంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను. సాయంత్రం వంటమనిషి అసలర్థం చెప్పాక కోపం ఇంకాస్త పెరిగింది. మద్రాసు పట్టా పుచ్చుకున్న ఇంజనీరుని పట్టుకుని పిల్లాడనడమేమిటి? అయితే నేను ఎన్ని మూతులు ముడిచినా ఆయన నోట నా పేరు చివరిదాకా అదే.

ఇక ఆ కంచుగ్లాసు సంగతి. ఒక మలుపు పని పూర్తయిందంటే ఆయన కింద నుంచి ఎడ్లబండి తెప్పించేవాడు. బండిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, గ్లాసు నిండా మజ్జిగ పోయించి పలక మీద పెట్టుకుని, "పోనీ" అనేవాడు. బండి మలుపు తిరుగుతున్నంతసేపూ ఆయన కళ్లు మజ్జిగ మీదే. తొణికిందా, ఆ మలుపు పోయినట్టే. వెడల్పు చాలలేదనో, బయటి అంచు ఇంకా ఎత్తాలనో మర్నాడు మళ్లీ పలుగులు లేచేవి. తొణక్కపోతే మజ్జిగ గటగటా తాగేసి మూతి తుడుచుకునేవాడు. తొణికిన గ్లాసులో మిగిలింది నాకు. మొదట్లో మా మలుపులు అంత బాగా కుదరలేదు కాబట్టి నేను మజ్జిగ దండిగానే తాగాను.

సూత్రాలు రాక చేసిన పని కాదది. మలుపు ఎంత విశాలంగా ఉండాలో, వాలు ఎంతుండాలో ఆయన కాగితం మీద చక్కగానే లెక్క కట్టేవాడు. నేను సరిచూసేవాణ్ణి. అన్నీ సరిపోయేవి. అయినా గ్లాసు తీసేవాడు.

"లెక్క సరిపోయింది కదండీ, మళ్లీ ఇదెందుకు?" అని ఒకసారి అడిగాను.

"లెక్కకి నడుం నొప్పెట్టదు కదరా. బండిలో కూకున్నోడికి పెడతాది."

ఆ కొండల్లో ఆవును పితికే అలవాటు తక్కువ. పాలు దూడవి, మనిషికి వాటితో ఏం పని అనుకుంటారు. అందువల్ల మజ్జిగ కోసం ఆయన కింద నుంచి ఒక గేదెను తోలించాడు. ఇంత ఖర్చు పెట్టి వేసిన గవర్నమెంటు రోడ్డు మీద మొట్టమొదట నడిచిన ప్రాణి ఆ గేదే. కొండవాళ్లు ఈ మజ్జిగ తంతు చెట్ల చాటు నుంచి చూసి చూసి ఆయనకు మజ్జిగ బాబు అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే ఆయన టోపీ కాస్త సర్దుకునేవాడు.

ఏ డ్రాయింగు తెచ్చి ముందు పెట్టినా దాని మీద వేలు పెట్టి "ఇక్కడ ఎవలు?" అనేవాడు. "కల్వర్టండి" అంటే, "కల్వర్టు సరే. ఎవలు?" అనేవాడు. ఆ చోట ఎవరు నడుస్తారు, ఏం మోసుకుని నడుస్తారు, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటారు అన్నది ఆయనకు కావాలి. నా దగ్గర జవాబుండేది కాదు. నిజానికి ఆయన దగ్గరా ఉండేది కాదు. అడగడం మాత్రం మానేవాడు కాదు.

దూరాల దగ్గరా మాకు పేచీయే. నేను మైళ్లు, ఫర్లాంగులు అనేవాణ్ణి. కొండవాళ్లు దూరాన్ని చుట్టలతో చెబుతారు. ఒక చుట్ట కాలేలోపు ఎంత నడిస్తే అంత దూరం. సంతకు పోయేటప్పుడు ఒక చుట్ట, వచ్చేటప్పుడు అదే దారి రెండు చుట్టలు. ఇదెక్కడి కొలతని నేను నవ్వాను. ఓవర్సీరు గారు జన్మలో చుట్ట ముట్టని మనిషి. అయినా ఆ కొలత ఆయనకు తెగ నచ్చింది. "మైలు రాయికి ఎక్కడం దిగడం ఒకటేరా. మనిసికి కాదు" అన్నాడు. ఆనాటి నుంచి పెద్దాఫీసుకు పోయే కాగితాల్లో మైళ్లు, మా మాటల్లో చుట్టలు.

ఇంత మక్కువ పడి వేసిన రోడ్డు. కొండ చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ, ఇరవై అడుగులు నడిస్తే అడుగు ఎత్తు మాత్రమే లేచేట్టు వేశాం. ఘాటు రోడ్డుకు బండ్ల కోసం ఆ మాత్రం వాలే ఉండాలని నేనూ చదువుకున్నాను, ఆయనా చదువుకున్నాడు. గెడ్డకు ఇవతల పూర్తయింది, అవతలా పూర్తయింది. గెడ్డ మీద వంతెన ఒక్కటే మిగిలింది.

ఆ వంతెన మీదే ఆయన ప్రాణమంతా. వానలు పట్టాయంటే గెడ్డ పొంగుతుంది. గెడ్డకు పైనున్న ఊళ్లవాళ్లు కిందికి సంతకు దిగలేరు. సంతకు పోకపోతే ఉప్పు లేదు. తక్కినవన్నీ కొండే ఇస్తుంది. సామలు, చోళ్లు, కందమూలాలు అన్నీ ఉంటాయి. ఉప్పు మాత్రం కింద నుంచి రావాల్సిందే. నేను చూసిన మొదటి వానాకాలంలో పై ఊరి గురువారి అనే ఆమె మా డేరాకు వచ్చి, చేతిలో పసుపుకొమ్ముల మూట పెట్టుకుని, చిటికెడు ఉప్పుంటే ఇమ్మంది. లక్ష్మివారం పుట్టింది కనక గురువారి. నలుగురిలో పెద్దరికం ఉన్న మనిషి. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, పొగ లోపలుండగానే మాట్లాడేది.

"గెడ్డ తగ్గినదాకా పిల్లలికి సప్పిడి అంబలే బాబూ" అంది.

ఓవర్సీరు గారు మా ఉప్పు కుండ కుండంతా ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు ఈ బాద ఉండదు. వంతెన ఏయించీసి మరీ ఎల్తాను" అన్నాడు. గురువారి నమ్మినట్టు కనపడలేదు గానీ కుండ మాత్రం తీసుకుంది. మేం వారం పాటు చప్పిడి కూర తిన్నాం.

వానలు వెలిశాక పెద్ద ఇంజనీరు గారు మోటారులో వచ్చారు. మద్రాసు వైపు మనిషి, అచ్చుపుస్తకంలా తెలుగు మాట్లాడేవారు. రోడ్డంతా చూశారు. పని బాగుందన్నారు. తర్వాత కిందికీ పైకీ కలయజూసి, "ఇంతకూ దీని మీద జనం ఏరీ?" అన్నారు.

ఆ ప్రశ్న మేం వేసుకోవడానికి భయపడి ఊరుకున్న ప్రశ్నే. జనం లేరు. కొండవాళ్లందరూ పక్కనే నిట్టనిలువుగా దిగే పాత కాలిబాటలోనే పోతున్నారు. మా రోడ్డు మీద వారానికోసారి మా సామాన్ల బండి, రోజుకోసారి ఆ గేదె. "రాకపోకల లెక్క తీయండి. వచ్చే చైత్రం కాదు, ఆపై చైత్రంలో వస్తాను. జనం నడుస్తుంటే వంతెన మంజూరు చేస్తాను. లేకుంటే రోడ్డు గెడ్డ దగ్గర ఆపేసి, వంతెనకు తెచ్చిన రాయి ఇంకో పనికి పంపిస్తాను" అని చెప్పి వెళ్లిపోయారు.

ఓవర్సీరు గారు రోడ్డు పక్కన పాక వేయించి రెండు కుండలు పెట్టాడు. మనిషి పోతే ఒకదాంట్లో చింతపిక్క, బండి పోతే రెండోదాంట్లో గురివింద గింజ. నేను పాకలో కూర్చున్నాను. చింతపిక్కల కుండలో అడుగు కనపడుతూనే ఉండేది. రెండో కుండలో ఒక కప్ప కాపురం పెట్టింది.

అంతలో చైత్రం వచ్చింది. ఆ కొండల్లో అది ఇటుకల పండగ నెల. మగవాళ్లంతా వేటకు పోతారు. ఆడవాళ్లు దారులకు అడ్డంగా వెదురుకర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, పాటలు పాడి, పజోరు పుచ్చుకుంటారు. పజోరంటే పండగ కానుక. ఏదో ఒకటి చేతిలో పెట్టందే కర్ర లేవదు. ఎంత పెద్దమనిషైనా సరే. ఓవర్సీరు గారు సంబరంగా చిల్లర జేబులో పోసుకుని బండి కట్టించాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయాం. ఎవరూ ఆపలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాం. ఎవరూ ఆపలేదు. "సూసుకోలేదేమో" అని మూడోసారి కూడా పోనిచ్చాడు. పాట మాత్రం చెట్ల వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. కర్ర కాలిబాటకు అడ్డం పెట్టారు.

ఆయన బండి దిగి, తుప్పల్లోంచి జారుకుంటూ కాలిబాట మీదికి పోయి, కర్ర ముందు నిలబడ్డాడు. వెనకాల నేను.

"రోడ్డు మీద ఎందుకు ఆపలేదే?" అన్నాడు గురువారితో. చిన్నబోయిన ముఖం దాచుకోవడం ఆయనకు రాదు.

"దారిలో ఎల్లేవోలిని ఆపుతాం బాబూ" అంది గురువారి. "రోడ్డు మీద ఎవలెల్తారు?"

"ఎవలు" అన్న మాట ఈసారి ఆయనకే వచ్చి తగిలింది. తర్వాత బండ మీద కూర్చుని, "ఎందుకెల్లరో సెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. "నీ రోడ్డు కొండ సుట్టూ తిరుగుతాది. బుజం మీద కావిడి ఉన్నోడు అలగ తిరిగితే ఎప్పుడు సేరతాడు? కంకర్రాల్లు కాల్లకి గుచ్చుతాయి. బరువు దించుకుందికి అరుగు లేదు. తాగడానికి నీల్లు లేవు. ఎద్దుకి బాగుంటాదేమో మరి." ఇంకో మాట చాలాసేపు నోట్లో పొగతోపాటే ఉంచుకుని ఆఖరికి అంది. "అయినా అది రోడ్డు కదా బాబూ."

ఆ మాట నాకు అర్థం కాలేదు, ఆయనకు అయింది. కొండవాళ్లకు రోడ్డంటే దారి కాదు, వెట్టి. గూడెం వైపు కొండల్లో సరైన కూలి ఇవ్వకుండా జనం చేత రోడ్లు కొట్టించినప్పుడు పుట్టిన తిరుగుబాటు మంట అప్పటికి అందరికీ తెలుసు. మా పనిలో ఓవర్సీరు గారు ఏ పూట కూలి ఆ పూట చేతిలో పెట్టేవాడు. అయినా మాట మాటే. ఆ మాట వినగానే కాళ్లు వెనక్కి పోతాయి.

తిరిగి వస్తూ ఆయన, "ఎద్దు కోసం ఏసినానురా ఇదంతా. ఎద్దేదిరా?" అన్నాడు.

"గేదె ఉందండి" అన్నాను.

అంత దిగులులోనూ పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే పని మొదలెట్టాడు.

మొదట రోడ్డు అంచున, కంకర లేని మెత్తటి మట్టిబాట పరిపించాడు, చెప్పులు లేని కాళ్ల కోసం. రోడ్డు అంచును ఇంగ్లీషు పుస్తకాల్లో షోల్డర్ అంటారు, భుజమని అర్థం. "రోడ్డుకి బుజం ఉన్నాదని రాసినారు. ఆ బుజం మీద ఎవల కావిడి ఉన్నాదో రాయలేదు" అని పుస్తకాన్ని తిట్టేవాడు. తర్వాత కాలిబాట మా మలుపుల్ని కోసుకుపోయే చోటల్లా రాతిమెట్లు కట్టించి రెంటినీ కలిపాడు. తొందరున్నవాడు మెట్లు దిగుతాడు, బరువున్నవాడు చుట్టూ తిరుగుతాడు. పై ఊటలోంచి వెదురుబొంగుల్లో నీళ్లు రోడ్డు పక్కకు తెచ్చాడు. ఆ నీళ్ల దగ్గరే అరుగు.

అరుగు ఎంత ఎత్తుండాలన్నది పెద్ద రభస అయింది. వంగకుండా కావిడి దించుకోవాలి, మళ్లీ వంగకుండా ఎత్తుకోవాలి. ఆయనే కావిడి భుజాన పెట్టుకుని పరీక్షకు దిగాడు. పొట్టివాడు కదా, బుట్టలు అరుగుకు తగిలి ఆగిపోయాయి, ఈయన కావిడి బద్దకూ అరుగుకూ మధ్య మెడ ఇరుక్కుని గిలగిల్లాడాడు. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక పడిదొర్లారు. మెడ ఊడదీశాక గురువారి వచ్చి, తన కొడుకును నిలబెట్టి, వాడి రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి, "ఇక్కడికి ఏయించు" అంది. అక్కడికే వేయించాడు.

"ఎస్టిమేటులో వీటికి చోటు లేదండి" అన్నాను నేను.

"రోడ్డు పక్కన ఉన్నాది కదరా" అన్నాడు.

వానాకాలం మళ్లీ గెడ్డ పొంగింది. గురువారి మళ్లీ డేరాకు వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. ఆయనే తలొంచుకుని ఉప్పు కుండ తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే బాబూ, అరుగు బాగున్నాది" అంది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

వానలు వెనకబట్టాక సంతకు దిగేవాళ్లలో ఒకరిద్దరు అరుగు దగ్గర ఆగడం మొదలెట్టారు. ఆగినవాళ్లు మట్టిబాట మీద నాలుగడుగులు వేసి చూశారు. విశాలమైన రోడ్డు మీద కూడా ఒకరి వెనక ఒకరే నడిచేవారు, పక్కపక్కన నడవడం వాళ్లకు రాదు. నా చింతపిక్కల కుండ నిండసాగింది. గురివింద కుండలో కప్ప మాత్రం అలాగే ఉంది.

చైత్రం వచ్చింది. పెద్ద ఇంజనీరు గారు ఆవేళ వస్తున్నారని కబురు. ఓవర్సీరు గారు నల్లకోటు తొడుక్కున్నాడు. లెక్క చూపించడానికి చింతపిక్కల కుండ ఒళ్లో పెట్టుకుని బండెక్కాడు. వంతెన రావడం, రాకపోవడం ఆ కుండలో ఉంది. అరుగు ఉన్న మలుపు తిరిగామో లేదో, బండి ఆగిపోయింది.

రోడ్డుకు అడ్డంగా వెదురుకర్ర. ఇవతల కొసన గురువారి, అవతల కొసన ఆమె కోడలు, మధ్యన పదిమంది ఆడవాళ్లు పూలు పెట్టుకుని పాడుతున్నారు.

ఓవర్సీరు గారు బండి దిగాడు. టోపీ తీసేశాడు. కర్ర దగ్గరకు పోయి దాని మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను, ఆడవాళ్లూ చూశారు. వాళ్లు పాట ఇంకా గట్టిగా అందుకున్నారు.

"పజోరు ఇయ్యి బాబూ" అంది గురువారి.

ఆయన జేబులు తడుముకున్నాడు. చిల్లరంతా పాత కోటులో ఉండిపోయింది. నా జేబులోనూ ఏమీ లేదు.

"ఏదో ఒకటి ఇయ్యాల. లేపోతే కర్ర లెగదు. ఆ కుండలో ఏటున్నాది?"

"సింతపిక్కలు."

"అయ్యే ఇచ్చీ. ఏపుకుని తింటాం."

"అయ్యో, అది లెక్కండీ" అని నేను బండిలోంచి దూకేలోపు ఆయన కుండ ఇచ్చేశాడు. అరుగు పక్కనే పొయ్యి రాజుకుని ఉంది. ఏడాది పొడుగునా నేను పాకలో కూర్చుని పోగుచేసిన రాకపోకల లెక్క నా కళ్ల ముందే వేయించే మంగలంలో చిటపటలాడింది.

సరిగ్గా అప్పుడే కింద నుంచి మోటారు మోత. ఎండాకాలం కాబట్టి గెడ్డలో నీళ్లు తక్కువ. కారు బురదలోంచి ఈడ్చుకుంటూ వచ్చి కర్రకు అవతల ఆగింది. పెద్ద ఇంజనీరు గారు దిగారు.

"గవర్నమెంటు రోడ్డును అడ్డగించినది ఎవరు? ఇక్కడ ఏమి జరుగుతున్నది?"

"పండగండి" అన్నాడు ఓవర్సీరు గారు.

"మంచిది. రాకపోకల లెక్క ఎక్కడ?"

ఓవర్సీరు గారు మంగలం వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. గురువారి మాత్రం నలుగుర్లోకి వచ్చి, ఆ పెద్దమనిషి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఎవలూ ఎల్లని సోట మేం కర్రెందుకు పెడతాం బాబూ? ఆకాశం నుంచి ఎవలొస్తారని? ఇది దారి. ఈ దారంట సంతకెల్తాం. గెడ్డొచ్చిందంటే ఆగిపోతాం. నువ్వు పజోరు ఇచ్చీసి ఎల్లు."

పెద్ద ఇంజనీరు గారు రోడ్డు వారకు నడిచారు. అంచున మట్టిబాట మీద ఒకదాని మీద ఒకటి పడి నున్నగా అయిపోయిన పాదాల గుర్తులు చూశారు. బుట్టలు దించి దించి నలుపెక్కిన అరుగు చూశారు. నీళ్లబొంగు కింద చెయ్యి పెట్టి చూశారు. గురువారి ఆయన అరచేతిలో వేయించిన చింతపిక్క ఒకటి పెట్టింది. పెద్దమనిషి కాదనలేక నోట్లో వేసుకుని గట్టిగా కొరికి, దవడ పట్టుకున్నారు. తర్వాత జేబులోంచి పజోరు తీసి ఆమెకిచ్చారు. కర్ర లేచింది.

"వంతెన అంచనా పంపించండి" అన్నారు ఓవర్సీరు గారితో, దవడ నొక్కుకుంటూనే. "వరద మట్టం ఎంతో ఆమెను అడిగి వేయండి."

కారు పోయాక ఓవర్సీరు గారు నా భుజం పట్టుకుని, "దారి అన్నాదిరా. ఇన్నావా? రోడ్డు అన్లేదు, దారి అన్నాది" అన్నాడు. ఆ రోజంతా అదే మాట. వంటమనిషికి చెప్పాడు, బండివాడికి చెప్పాడు, గేదెకు కూడా చెప్పే ఉంటాడు.

వానలు పడేలోపే వంతెన పని ముగించాడు. ఎండలో నిలబడి, గెడ్డ తడిలో పడుకుని, రాయి రాయికీ దగ్గరుండి ముగించాడు. ఆ కొండల జ్వరం సంగతి అందరికీ తెలుసు. కింద నుంచి వెళ్లినవాణ్ణి ఏదో ఒకనాడు పట్టుకుంటుంది. ఆయన్ని ఆ వానాకాలం మొదట్లో పట్టుకుంది. చలికి పళ్లు టకటకలాడుతుంటే కూడా, "ఎవలు దాటినారు ఇయాల?" అని అడిగేవాడు. ఉప్పు బుట్టలతో జనం దాటుతున్నారని చెబితే కళ్లు మూసుకునేవాడు. కింద ఆస్పత్రికి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. గ్లాసు వదల్లేదు. దాంట్లో మజ్జిగ పోయించి నా చేత పట్టించాడు. అరుగు మలుపు తిరిగాం. చుక్క తొణకలేదు. "సూసినావా" అన్నాడు. మలుపు దాటగానే ఎడ్లు ఆగిపోయాయి.

వానలో, రోడ్డుకు అడ్డంగా వెదురుకర్ర. ఆ కొసన గురువారి, ఈ కొసన కోడలు. పాట లేదు.

"ఇది పండగ కాదు కదే" అన్నాడు ఆయన, తల కొంచెం పైకెత్తి.

"కాపోతేటి" అంది గురువారి. "పజోరు ఇయ్యందే ఎల్లనియ్యం."

ఆయన నా వైపు చెయ్యి చాచాడు. గ్లాసు ఇచ్చాను. మజ్జిగ తాగేసి, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, గుండెకు ఆనించుకుంది.

"బేగి వొచ్చీ బాబూ" అంది. కర్ర ఎత్తారు. బండి వంతెన దాటింది, కింద గెడ్డ ఉరకలు వేస్తోంది.

ఆయన మళ్లీ రాలేదు. కింద ఆస్పత్రిలోనే పోయాడని దసరా నాటికి కబురు తెలిసింది. క్లాసులో ఆ కుర్రాడు "ఎవలు" అన్నాక నేను ఆ పూట పాఠం చెప్పలేకపోయాను. ఆవేళ వానలో గురువారి వాళ్లు ఆ కర్ర ఎత్తకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.